మా మామగారి తప్పు పరిచయాలు

మా మామగారికి ఒక్కటే జబ్బు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఆయనకి ఊపిరాడదు. వెంటనే మధ్యలో దూరి ఇద్దరినీ పరిచయం చేసేస్తారు. అంతవరకే అయితే సర్దుకుపోయేవాళ్ళం. ఆ చేసే పరిచయం ఎప్పుడూ తప్పే. ప్లీడరుని పట్టుకుని వడ్రంగి అంటారు, వడ్రంగిని పట్టుకుని సంగీతం మాస్టారంటారు. ఆ వడ్రంగి మా ఇంట్లో తలుపు బిగిస్తుంటే పక్కింటావిడ పాపని వెంటబెట్టుకొచ్చి, "పాఠాలు పొద్దున చెప్తారా, సాయంత్రమా?" అని అడిగింది. ఆయన నోట్లో మేకులున్నాయి, పాపం.

కడుపులో రాయి తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరినప్పుడు ఆపరేషను బల్ల మీద కూడా ఊరుకోలేదట. కోసే డాక్టరుని మత్తు డాక్టరుకి చూపించి, "వీరు మీకు తెలుసా? లిఫ్టులు బిగిస్తారు. నమ్మకమైన మనిషి" అన్నారట. అప్పటికింకా మత్తు ఇవ్వలేదని తర్వాత తెలిసింది.

తెలిసినవాళ్ళింట్లో పెద్దాయన పోతే పలకరించడానికి వెళ్ళాం. వరండాలో ఈ చివర ఒకాయన, ఆ చివర ఒకాయన బిగుసుకుని కూర్చున్నారు. మామగారు ఈ చివరాయన చెయ్యి పట్టుకుని ఆ చివరికి లాక్కెళ్ళారు. "మీకు ఒకరికొకరు పరిచయం ఉన్నట్టు లేదు. ఇద్దరి ముక్కూ ఒకేలా ఉంది, దూరపు చుట్టాలేమో కనుక్కోండి" అన్నారు. నేను ఆయన్ని గిల్లి, చెవిలో, "మామయ్యగారూ, వాళ్ళు పోయినాయన కొడుకులు. వాటాల దగ్గర చెడి మాటల్లేవు" అన్నాను. "అలాగా. నాకెవరూ చెప్పలేదే" అన్నారు. తలెత్తి చూద్దును కదా, అన్నదమ్ములిద్దరూ నవ్వాపుకోలేక చెరో పక్కకీ మొహాలు తిప్పుకుంటున్నారు. చావింట్లో అదీ వరస.

పెళ్ళికి ముందు నన్ను తన కూతురికి పరిచయం చేస్తూ, "ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషమ్మా" అన్నారు. ఆయన చేసిన తప్పుల్లో అంతకన్నా పెద్దది లేదని మా ఆవిడ ఈ రోజుకీ అంటుంది. నాది ఏడుపుగొట్టు స్వభావం. మబ్బు పడితే వాన వస్తుందని దిగులు, పడకపోతే కరువు వస్తుందని దిగులు. అలాంటి వాడికి దేవుడు ప్రింటింగ్ ప్రెస్సు ఇచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మామగారిది కళ్ళజోళ్ళ షాపు. సందులాంటి గది, గోడకి అక్షరాల చార్టు, ఒక అద్దం, కస్టమర్లు కూర్చోవడానికి ఒక పొడుగు బెంచీ. తన కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీద ఉంటుంది. చూడాలని బుద్ధి పుట్టినప్పుడు ముక్కు మీదికి దించుకుంటారు. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చినవాడు పెళ్ళాం పిల్లలతో మళ్ళీ వస్తే, "మీ ఎడమ కన్ను రెండుంపావు, కుడి రెండున్నర. మీ నాన్నగారికీ అంతే" అని ఠక్కున చెప్తారు. ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ గుర్తుండే మనిషికి, ఆ కళ్ళున్న మనుషులు ఏం పని చేసుకుని బతుకుతారో గుర్తుండదు. ఇదేం తెగులో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఊరి పరిచయ సంఘం ఆ బెంచీ మీదే పుట్టింది. అద్దాల కోసం కూర్చున్నవాళ్ళని మామగారు ఒకరికొకరు తగిలించేవారు. తగిలినవాళ్ళు పని ఉన్నా లేకపోయినా మళ్ళీ వచ్చి కూర్చునేవారు. చివరికి నిజంగా కళ్ళు కనపడనివాళ్ళకి బెంచీ మీద చోటు దొరక్క, అందరూ కలిసి టైర్ల షాపు మీది హాలు అద్దెకి తీసుకున్నారు. వారానికొకసారి పొద్దున్నే, షాపులు తెరవకముందు సమావేశం. ఒక వృత్తికి ఒకే కుర్చీ. కుర్చీ వీపున వృత్తి పేరు అచ్చు వేసిన స్టిక్కరు. ఎవరి కుర్చీ దగ్గర వాళ్ళు నిలబడి, నేను ఫలానా, నాకు ఫలానా రకం కస్టమరు కావాలి అని చెప్పుకోవాలి. పక్కవాడికి పనికొచ్చే పరిచయం ఒకటి తేవాలి. తర్వాత టీ, బిస్కెట్లు. ఆ స్టిక్కర్లు వేసేది నేను. నాది 'ముద్రణ' కుర్చీ.

ఊరు పెరుగుతోందని అందరూ సంబరపడతారు. ఊరు పెరగడమంటే ఏమిటో మా హాల్లో మూల కుర్చీల్ని అడగాలి. వృత్తి పోతే స్టిక్కరు గీకేసి కుర్చీని ఆ మూల పేర్చేస్తారు. క్యాసెట్ల కుర్చీ, టెలిఫోన్ బూతు కుర్చీ, టైపు నేర్పే కుర్చీ, ఫిల్ము కడిగే కుర్చీ అన్నీ అక్కడే ఉన్నాయి. స్టిక్కరు గీకినా జిగురు మరక పోదు. ప్రతి సమావేశంలోనూ నా కళ్ళు నాకు తెలియకుండానే ఆ మూలకి పోయేవి. ఆ దొంతరలో నా కుర్చీ ఎన్నోది అవుతుందా అని చూసుకునేవాణ్ణి.

ఎందుకంటే నా పని అయిపోయింది. శుభలేఖలు ఫోన్లోకి వెళ్ళాయి, బిల్లులు ఫోన్లోకి వెళ్ళాయి. విజిటింగ్ కార్డు ఇస్తే జనం దాన్ని ఫోటో తీసుకుని, "ఇదిగోండి, మీది మీరే ఉంచుకోండి" అని తిరిగి ఇచ్చేస్తున్నారు. కార్డు మర్యాదగా తిరిగొచ్చే కాలంలో కార్డులు అచ్చు వేసేవాడి గతి ఏమిటో మీరే చెప్పండి. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. మేముండేది ప్రెస్సు మీది వాటాలో. మిషను ఆగిపోతే మా ఆవిడకి తెలిసిపోతుంది. అందుకని కాగితం పెట్టకుండా ఊరికే తిప్పుతూ కూర్చునేవాణ్ణి. భోజనానికి పైకి వెళ్తే, "బాగా పని ఉన్నట్టుందే" అనేది. "ఊపిరి సలపడం లేదు" అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు.

అలాంటి రోజుల్లో సంఘానికి పాతికేళ్ళు నిండాయి. మా ప్రెసిడెంటు సిమెంటు డీలరు. ఆయన మాట కూడా ఒకసారి పోస్తే గట్టిపడిపోతుంది, ఇక కదలదు. "పాతికేళ్ళ సభలో కుర్చీల లెక్క తేల్చేద్దాం" అన్నారు. "ఎవరికీ పని ఇప్పించకుండా, ఎవరి దగ్గరా పని తీసుకోకుండా ఊరికే కూర్చున్న కుర్చీలు తీసేద్దాం. ఊరు పెరుగుతోంది, కొత్తవాళ్ళు బయట నిలబడి ఉన్నారు." నా వైపు చూడలేదు. అంత మర్యాదగా చూడకుండా ఉన్నారంటే నా గురించే. తర్వాత నా దగ్గరికొచ్చి, "సంఘం చరిత్ర చిన్న పుస్తకంగా తెద్దాం. మీరే నలుగురినీ అడిగి రాసి, అచ్చు వేసి పెట్టండి" అన్నారు. నన్ను లేపేసే సభకి పుస్తకం నేనే వెయ్యాలి. కాదంటే మిషనులో పెట్టడానికి కాగితమైనా ఉండదు. సరేనన్నాను.

చరిత్ర కోసం ముందు దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడాయన దర్జీ అంటే ఎవరూ నమ్మరు. అపార్టుమెంట్లన్నిటికీ కర్టెన్లు ఆయనవే.

"మీరు ఇందులోకి ఎలా వచ్చారు?" అన్నాను.

"మీ మామగారి మతిమరుపు వల్ల" అన్నాడు. "రెడీమేడు కొట్లు వచ్చి నా దగ్గర చొక్కాలు కుట్టించుకునేవాడు లేడు. ఒకరోజు సంఘానికి ఒక బిల్డరు వచ్చాడు. మీ మామగారు నా భుజం మీద చెయ్యేసి, 'వీరు కర్టెన్లు కుడతారు' అన్నారు. నేను జన్మలో కర్టెను కుట్టలేదు."

"మరి తప్పని చెప్పలేదా?"

"చెబుదామనే నోరు తెరిచాను. ఆ బిల్డరు, 'ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?' అన్నాడు. నోరు మూసుకున్నాను."

తర్వాత టైపు మిషన్ల మెకానిక్కు. ఆయనిప్పుడు ఊళ్ళో సగం షాపుల బిల్లు మిషన్లు బాగుచేస్తాడు. ఆయన కథా అదే. మామగారు మందుల షాపాయనకి, "బిల్లు మిషన్లలో ఈయన్ని మించినవాడు లేడు" అని పరిచయం చేశారట. "ఇంటికెళ్ళి ఒక మిషను విప్పి బల్లంతా పరిచాను. మా ఆవిడ రెండు రోజులు నేల మీదే వడ్డించింది. మళ్ళీ బిగించడం వచ్చాక షాపుకి వెళ్ళాను" అన్నాడు.

"అంటే అంతా పెద్దాయన పొరపాటేనన్నమాట" అన్నాను.

మెకానిక్కు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "నా పని పోయింది, ఇంకేదైనా పని ఉంటే ఇప్పించండి అని నలుగురిలో నిలబడి అడగాలంటే గొంతు లేస్తుందా చెప్పండి. మన పెళ్ళాంతోనే చెప్పుకోలేం. ఆయన తప్పు చెప్పారు. నేను దిద్దకుండా ఊరుకున్నాను. ఊరుకోవడానికి గొంతుతో పని లేదుగా" అన్నాడు. పెళ్ళాం మాట వచ్చేసరికి నేను కాగితాలు సర్దుకుని లేచాను.

ఎవరిని కదిపినా ఇదే గోల. నేను రాసుకుంటున్నది సంఘం చరిత్రో, మా మామగారి తప్పుల పట్టికో తెలియకుండా పోయింది. ఇలాంటి మనిషి చేతుల మీదుగా ఒక సంఘం పాతికేళ్ళు నిలబడిందంటే ఆశ్చర్యంగా ఉంది, నా ప్రెస్సు పడిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు అనుకున్నాను.

సభ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం మామగారు ప్రెస్సుకి వచ్చారు. నేను మామూలుగా ఖాళీ మిషను తిప్పుతున్నాను. ఆయన కాసేపు నిలబడి ఆ చప్పుడు విన్నారు. తర్వాత మూల ఉన్న గోనెపట్టా ఎత్తి చూశారు.

"ఇదేమిటి అల్లుడుగారూ?"

"అట్టలు కోసి మడతగీతలు పెట్టే మిషను. మా నాన్న కొన్నారు."

"నడుస్తుందా?"

"నూనె వేస్తే నడుస్తుంది. నడిచి ఎక్కడికి వెళ్ళాలి మామయ్యగారూ" అన్నాను.

ఆయన గోనెపట్టా జాగ్రత్తగా కప్పేసి, చేతులు దులుపుకున్నారు. "ఒక స్టిక్కరు కావాలి. కొత్త కుర్చీకి. 'అట్టపెట్టెలు, ముద్రణతో సహా' అని వెయ్యండి. కాస్త పెద్దక్షరాలు వెయ్యండి, మన వాళ్ళలో చాలామందికి దగ్గరి చూపు తగ్గింది" అన్నారు.

ముద్రణతో సహా అంటే నాకు పోటీ. ఒక వృత్తికి ఒకే కుర్చీ అని రూలు పెట్టిందే ఈయన. నా కుర్చీ ఇంకా తీయనే లేదు, పక్కన ఇంకో అచ్చువాణ్ణి కూర్చోబెడుతున్నారు. ఆ స్టిక్కరు నా చేతే వేయిస్తున్నారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి.

"ఎవరండీ ఆ కొత్తాయన?" అన్నాను.

"ఉన్నాడు, మంచి పనివాడు. కాస్త దిగులు మనిషి" అన్నారు.

స్టిక్కరు వేశాను. కసి కొద్దీ ఉన్నవాటిలో అందమైన అక్షరాలు ఎంచి మరీ వేశాను. పోయేవాడు పోతూ పోతూ తన పనితనం చూపించి పోవాలని. సాయంత్రం మా ఆవిడతో, "మీ నాన్న కొత్త అచ్చువాణ్ణి పట్టుకొస్తున్నారు" అన్నాను. ఆవిడ గిన్నెలు తోముతూ, "నాన్న ఏం చేసినా ఏదో ఒకటి ఉంటుంది లెండి" అంది. ఇద్దరూ ఒకే గూటి పక్షులు.

సభ రోజున హాలు నిండిపోయింది. నా పుస్తకం అందరి ఒళ్ళోనూ ఉంది. విసనకర్రగా బాగా పనికొచ్చింది. మూల దొంతర పక్కనే ఆ కొత్త కుర్చీ, నా స్టిక్కరుతో, ఖాళీగా ఉంది. ప్రెసిడెంటు లేచి గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు కుర్చీల సంగతి" అన్నారు. నాకు చెవుల్లో మిషను తిరిగిన చప్పుడు వినిపించింది.

"ఒక్క నిమిషం" అంటూ మామగారు లేచారు. సభ నవ్వింది. ఆయన లేచారంటే ఎవరికో మూడిందని అందరికీ తెలుసు. ఆ రోజు అతిథిగా వచ్చిన ఒకావిడని వెంటబెట్టుకుని వరసల మధ్య నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"వీరు సబ్బులు చేస్తారు. ఇంట్లో మొదలుపెట్టి ఇప్పుడు షెడ్డు వేశారు. పెట్టెలో పెట్టి ఇస్తేనే పెద్ద కొట్లవాళ్ళు తీసుకుంటామంటున్నారట" అన్నారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. "వీరు మా అల్లుడుగారు. అట్టపెట్టెలు చేస్తారు. పైన పేరు అచ్చు వేసి మరీ."

నేను తప్పు దిద్దబోయాను. "కాదండీ, నేను" వరకూ వచ్చింది. ఎందుకో దర్జీ వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. మెకానిక్కు తన బూట్ల వైపు చూస్తున్నాడు. ఎప్పుడెప్పుడో మామగారు తప్పుగా పరిచయం చేసిన వాళ్ళందరూ, హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎక్కడో ఒకచోటికి చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. బాగా ఉన్నవాళ్ళని ఈయన పిచ్చిపిచ్చిగా తప్పు చెప్తారు. పని పోయినవాణ్ణి మాత్రం సరిగ్గా తప్పు చెప్తారు. లిఫ్టుల డాక్టరూ, సంగీతం వడ్రంగీ లేకపోతే ఈ తప్పుని తప్పనుకునేవాళ్ళు ఎవరు?

"మీరేనా?" అంది సబ్బులావిడ. "కొద్ది పెట్టెలకి ఎవరూ ఒప్పుకోవడం లేదండీ. వేలకి వేలు వేయించుకోమంటున్నారు. మీరు కొద్దిగా కావాలన్నా చేస్తారా?"

"చేస్తానండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎన్నంటే అన్ని."

ప్రెసిడెంటు కాగితం తిరగేశారు. "ఇదేమిటండీ, రూలు ప్రకారం ఈయనది ముద్రణ కుర్చీ కదా" అన్నారు.

"పెద్దాయన పొరపాటున చెప్పుంటారు లెండి, వయసు" అన్నాడు దర్జీ పైకప్పుతో.

మామగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని నన్ను పరకాయించి చూశారు. "మీది ప్రింటింగా అల్లుడుగారూ? అయ్యో, ముందే చెప్పద్దూ నాకు" అన్నారు. పిల్లనిచ్చి ఇన్నేళ్ళయింది. సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ఎవరో నా కుర్చీ తీసి, ఆ కొత్త కుర్చీ తెచ్చి నా వెనక పెట్టారు. కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కాయన, "మీ మామగారితో వేగలేం" అని నవ్వాడు. నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను, ఖాళీ మిషను సంగతితో సహా. "నాకు తెలియదా ఏమిటి" అంది. "కాగితం ఉంటే టపటపమంటుంది. లేకపోతే ఊరికే గురగురమంటుంది. మీరుగా ఎప్పుడు చెప్తారా అని చూశాను. చూసి చూసి నాన్నకి చెప్పాను." తర్వాత కాసేపటికి, "ఊపిరి సలపడం లేదని మీరు అన్నప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు" అంది. గోనెపట్టా ఇద్దరం కలిసి తీశాం. మిషనుకి నూనె వేసింది ఆవిడే.

హాలు మెట్ల మీద ఒకసారి మామగారిని నిలదీశాను. "మీకు అందరి పనులూ గుర్తే కదా మామయ్యగారూ."

"ఏ పనులు?" అన్నారు. "మీకు కుడి కన్ను పావు తగ్గినట్టుంది. తీరిక చేసుకుని షాపుకి రండి."

షాపుకి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. వీధికి అటువైపు మూడంతస్తుల అద్దాల షోరూము ఒకటి తెరిచారు. కళ్ళజోళ్ళదే. లోపల పట్టపగలు దీపాలు, గుమ్మంలో టై కట్టుకున్నవాడు. ఇటువైపు మామగారి బెంచీ మీద ఇద్దరే కూర్చుని ఉన్నారు, ఇద్దరూ మా సంఘం వాళ్ళే, ఇద్దరివీ మంచి కళ్ళే. సమావేశంలో తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయన లేచి, "నాకేం, బ్రహ్మాండంగా ఉంది" అని కూర్చునేవారు. ఆ గురగుర చప్పుడు నాకు బాగా తెలుసు. అందరికీ తప్పు పరిచయం చేసేది ఆయన ఒక్కరే కదా, ఈయనకెవరు చేస్తారు అని ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. పెట్టెల పని చేతినిండా ఉన్నా దిగులు దిగులే.

తర్వాతి సమావేశానికి ఒక స్కూలు హెడ్‌మిస్ట్రెస్ అతిథిగా వచ్చారు. మామగారు అలవాటుగా ఆవిడకి బస్సుల కాంట్రాక్టరుని డాన్సు మాస్టారని పరిచయం చేస్తున్నారు. నేను లేచి మధ్యలోకి వెళ్ళాను.

"మేడమ్, వీరు మా మామగారు. స్కూళ్ళకి వెళ్ళి పిల్లల కళ్ళు పరీక్ష చేస్తారు. వెనక బెంచీ పిల్లలు చాలామంది బోర్డు కనపడకే అల్లరి చేస్తారని వీరి లెక్క" అన్నాను.

హాల్లో టీకప్పుల చప్పుడు ఆగిపోయింది. మామగారు జన్మలో ఏ స్కూలుకీ వెళ్ళి కళ్ళు చూడలేదు. కళ్ళజోడు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించుకుని నన్ను చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ దర్జీ చూపు నాకు తగిలింది.

"నిజమా?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. "మా దగ్గర సగం మంది పిల్లలు పుస్తకంలో మొహం పెట్టుకుని చదువుతారండీ. మీరు వస్తారా?"

నేను పైకప్పు మీది పెచ్చులన్నీ చూశాను.

"వస్తానమ్మా" అన్నారు మామగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చార్టు కూడా తెస్తాను. సోమవారం రానా?"

అంతలోనే తేరుకున్నారు. నా భుజం మీద చెయ్యేసి నన్ను ఆవిడ ముందుకి తోశారు. "మా అల్లుడుగారు మీకు తెలుసా?" అన్నారు. "ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి."

ఆ సమయానికి నేను నిజంగానే నవ్వుతున్నాను. చూడ్డానికి మా ఆవిడ అక్కడ లేదు. నా ఖర్మ.